కొండ మీద జల్లు, కింద వడగాలి: వేసవి బులెటిన్‌లో మనం వదిలేసే లైను

కిందటేడు ఏప్రిల్లో నర్సీపట్నం దగ్గర మా పెద్దమ్మ వాళ్ళ ఊళ్ళో ఉన్నాను. మధ్యాహ్నం రెండున్నర. డాబా మీద ఈతచాపలు పరిచి, మామిడి తాండ్ర మూడో పొర పోసి ఉంది. ఎండకి కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి. నా ఫోన్లో 39 డిగ్రీలు, పక్కన పసుపుపచ్చ సూర్యుడి బొమ్మ. పెద్దమ్మ మాత్రం కొంగు నడుముకి దోపుకుని చాపలు ఒక్కొక్కటే ఎత్తి మెట్లగదిలోకి చేరవేస్తోంది.

"ఇంత ఎండ కాస్తుంటే ఎందుకు పెద్దమ్మా?" అన్నాను.

"ఎండ సంగతి వదిలీరా. కొండని సూడు. గాలి కూడా ఆగిపోనాది."

చూస్తే పడమర దిక్కున చింతపల్లి కొండల మీద తెల్లటి మబ్బు కాలీఫ్లవర్‌లా పైకి పెరుగుతోంది. అడుగు మాత్రం మసిబట్టినట్టు నల్లగా ఉంది. మూడుంపావు అయ్యేసరికి గాలి దుమారం. వెనకే పది నిమిషాలు చినుకులు, ఉరుములు. తాండ్ర బతికింది. పెరట్లో చెట్టు మీది కాయలు మాత్రం సగం నేలపాలయ్యాయి.

సాయంత్రం ఆ రోజు బులెటిన్ తీసి చదివాను. వాతావరణ శాఖ తప్పు చెప్పలేదు. 'ఒకటి రెండు చోట్ల ఉరుములతో కూడిన తేలికపాటి వర్షం, గంటకు 40-50 కిలోమీటర్ల వేగంతో ఈదురు గాలులు' అని పొద్దున్నే రాసి పెట్టారు. దానికి పైన ఇంకో లైను ఉంది, దిగువ ట్రోపో ఆవరణంలో, అంటే నేలకి దగ్గరి గాలి పొరలో, గాలులు ఏ దిక్కు నుంచి వీస్తున్నాయో చెప్పేది. ఆ లైను ఎవరూ చదవరు. టీవీలో అసలు చదవరు. అందరి కళ్ళూ డిగ్రీల మీదికే పోతాయి. వేసవిలో, అంటే ఉగాది నుంచి రోహిణి కార్తె దాకా, మన కొండల్లోనూ మైదానాల్లోనూ ఏం జరగబోతోందో తెలియాలంటే మొదట చదవాల్సింది ఆ గాలి లైనే అని నా వాదన.

ముందు ఎత్తు లెక్క చూద్దాం, అది తేలిక. పైకి వెళ్ళేకొద్దీ గాలి చల్లబడుతుంది. సగటున ప్రతి వెయ్యి మీటర్లకు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. అలిపిరి నుంచి తిరుమల కొండ మీదికి వెళ్తే దాదాపు 700 మీటర్లు ఎక్కినట్టు. కింద 41 ఉంటే పైన 36, 37 ఉంటుంది. బస్సు దిగగానే 'అబ్బ' అనిపించేది ఆ నాలుగైదు డిగ్రీలకే. అరకు దాదాపు 900 మీటర్లు. కింద మైదానంలో 40 ఉన్న రోజు అక్కడ 34 ఉంటుందని లెక్క. మదనపల్లె పట్టణమే 700 మీటర్ల దగ్గర ఉంది, ఆ పక్కన హార్స్‌లీ హిల్స్ 1,265 మీటర్లు. రాయలసీమ మండిపోతున్నప్పుడు అక్కడి గెస్ట్‌హౌస్ గదుల కోసం రికమెండేషన్లు ఎందుకో వేరే చెప్పక్కర్లేదు.

మామూలు వివరణలు ఇక్కడితో ఆగిపోతాయి. కొండ చల్లన, మైదానం వేడి, అంతే. మరి అల్లూరి సీతారామరాజు జిల్లా సంగతేంటి? 2022 ఏప్రిల్లో కొత్త జిల్లాలు గీసినప్పుడు పాడేరు, చింతూరు ఒకే జిల్లాలో పడ్డాయి. 2025 ఆఖర్న చింతూరు వైపు పోలవరం జిల్లాగా విడిపోయింది. పాడేరు తొమ్మిది వందల మీటర్ల ఎత్తున కాఫీ తోటల మధ్య ఉంటుంది. చింతూరు, కూనవరం శబరి, గోదావరి ఒడ్డున పల్లంలో ఉంటాయి, భద్రాచలానికి పొరుగున. రెండూ 'ఏజెన్సీ'నే. రెండు చోట్లా చుట్టూ అడవే. కానీ మే నెలలో ఒక చోట రాత్రి దుప్పటి కావాలి, ఇంకో చోట మంచం వీధిలోకి లాగినా నిద్ర పట్టదు. రెండూ ఒకే జిల్లాలో ఉన్న రోజుల్లో 'అల్లూరి జిల్లా గరిష్ఠ ఉష్ణోగ్రత' అని ఒక అంకె స్క్రోలింగ్‌లో పోయినప్పుడు, అది ఎవరికి చెప్పినట్టు? రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ వడగాలుల హెచ్చరికలు మండలాల వారీగా ఇవ్వడం మొదలుపెట్టడం అందుకే మంచి పని అయింది. జిల్లా అనేది పరిపాలన కోసం గీసుకున్న గీత. గాలికి దాంతో పని లేదు.

పడమటి గాలి చేసే పని

సైకిల్ పంపుతో గాలి కొట్టాక పంపు అడుగు పట్టుకుంటే వేడిగా ఉంటుంది. గాలిని నొక్కితే వేడెక్కుతుంది, వదిలేస్తే చల్లబడుతుంది. కొండ ఎక్కే గాలి మీద ఒత్తిడి తగ్గుతుంది కాబట్టి అది చల్లబడుతుంది. అదే గాలి కొండ దిగితే నొక్కుకుపోయి వేడెక్కుతుంది. పొడిగాలి అయితే వెయ్యి మీటర్లు దిగేసరికి దాదాపు పది డిగ్రీలు పెరుగుతుంది. ఆరున్నర కాదు, పది. ఈ తేడాని గుర్తుపెట్టుకోండి, కోస్తా వేసవి రహస్యం చాలావరకు ఇక్కడే ఉంది.

హైదరాబాద్ ఎత్తు 540 మీటర్లు. విజయవాడ పాతిక మీటర్లు కూడా ఉండదు. హైదరాబాద్‌లో 41 డిగ్రీలున్న పొడిగాలి మధ్యలో దేనితోనూ కలవకుండా విజయవాడ దాకా దిగి వచ్చిందనుకుందాం. ఆ దిగడంలోనే అయిదు డిగ్రీలు కలుస్తాయి. 46. కాగితం మీద లెక్క ఇంత శుభ్రంగా నిజంలో ఉండదు, దారిలో గాలులు కలుస్తాయి, నేల తేమ ఉంటుంది. అయినా బెజవాడని 'బ్లేజ్‌వాడ' అని ఎందుకు వెక్కిరిస్తారో అర్థం కావడానికి ఈ లెక్క చాలు. పల్నాడులో రెంటచింతల పేరు ప్రతి వేసవీ పేపర్లో రావడానికి కూడా సగం కారణం ఇదే. నల్లమల నుంచీ తెలంగాణ పీఠభూమి నుంచీ దిగే గాలికి అది ఎదురుగా ఉంది. మిగతా సగం ఆ నేల, ఆ రాయి.

అంటే ఏ కొండలు పైన ఉన్నవాళ్ళని చల్లగా ఉంచుతున్నాయో, గాలి పడమర నుంచి వచ్చిన రోజున అవే కొండలు కిందివాళ్ళని కాల్చేస్తాయి. కొండకీ మైదానానికీ వేర్వేరు వాతావరణాలని మనం మాట్లాడుకుంటాం కానీ, రెండు చోట్లా ఉన్నది ఒకటే గాలి. అది ఎక్కుతోందా దిగుతోందా అన్నదే తేడా.

తూర్పు నుంచో ఆగ్నేయం నుంచో వస్తే కథ మొత్తం మారిపోతుంది. పగలు నేల సముద్రం కంటే త్వరగా వేడెక్కుతుంది, నేల మీది గాలి పైకి లేస్తుంది, ఆ ఖాళీలోకి సముద్రపు గాలి వస్తుంది. విశాఖలో పదకొండు గంటలకి గాలి తిరిగిందంటే ఆ రోజు 34, 35 దగ్గర ఆగిపోతుంది. పడమటి గాలి బలంగా ఉన్న రోజున సముద్రపు గాలిని ఒడ్డు దగ్గరే ఆపేస్తుంది. మధ్యాహ్నం రెండు దాకా తిరగదు. అలాంటి రోజున బీచ్ రోడ్డులో కూడా 40 చూస్తాం. మచిలీపట్నం, కాకినాడ, ఒంగోలు, నెల్లూరు అన్నిటికీ ఇదే వరస. కోస్తాలో ముసలివాళ్ళు పొద్దున్నే 'గాలి ఏ వైపు?' అని అడగడం ఊరికే కాదు.

సముద్రపు గాలి వచ్చినంత మాత్రాన సుఖం అనుకోకండి. తేమ ఎక్కువైతే చెమట ఆరదు. చెమట ఆరితేనే ఒంటి వేడి పోతుంది. రామగుండంలో 42 డిగ్రీలు, తేమ 20 శాతం ఉంటే ఒంటికి తెలిసే వేడి కూడా దాదాపు 42. విశాఖలో 36 డిగ్రీలు, తేమ 65 శాతం ఉంటే ఒంటికి 50 దగ్గర ఉన్నట్టు అనిపిస్తుంది. బులెటిన్‌లో 'వేడి, తేమతో కూడిన అసౌకర్య వాతావరణం' అని ఒక పొడుగాటి మాట వస్తుంటుంది. ఉక్కపోతకి ఆఫీసు భాష. దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. గుండె జబ్బు ఉన్నవాళ్ళకి అదీ కష్టమే.

ఈ గాలి లెక్కలోనే ఒక వింత ఉంది. మే నెలలో బంగాళాఖాతంలో తుపాను అంటే చల్లబడుతుందని ఆశపడతాం. ఎక్కడ పుట్టి ఎటు పోతోందో చూడాలి. 2010 మేలో లైలా బాపట్ల దగ్గర తీరం దాటింది, 2022 మేలో అసని బలహీనపడి మచిలీపట్నం, నరసాపురం మధ్య ఒడ్డుకు వచ్చింది. అలాంటివి వాన తెస్తాయి. కానీ తుపాను మన తీరాన్ని తాకకుండా ఉత్తరానికి, ఒడిశా వైపో బెంగాల్ వైపో మయన్మార్ వైపో పోతే, తేమంతా తనతో లాక్కుపోతుంది. తుపాను చుట్టూ గాలి గడియారం ముల్లుకి ఎదురు దిశలో తిరుగుతుంది కాబట్టి, దాని ఎడమ పక్కన ఉన్న మనకి వాయవ్యం నుంచి నేల మీది పొడిగాలి దిగుతుంది. సముద్రంలో వాన, మన ఊళ్ళో వడగాలి. తుపాను హెచ్చరిక విన్నాక వారం రోజులు ఎండకి మాడిపోయామని జనం విసుక్కునేది ఇందుకే.

ద్రోణి, మధ్యాహ్నం మూడు గంటలు

వేసవి బులెటిన్లలో 'ద్రోణి' అన్నంత అరిగిపోయిన మాట ఇంకోటి లేదు. దక్షిణ ఛత్తీస్‌గఢ్ నుంచో విదర్భ నుంచో తమిళనాడు దాకా, తెలంగాణ మీదుగా, రాయలసీమ మీదుగా, సముద్ర మట్టానికి 0.9 కిలోమీటర్ల ఎత్తున ద్రోణి కొనసాగుతోంది అంటారు. చదివేవాడికి అక్కడ ఆకాశంలో ఒక కాలవ తవ్వినట్టు అనిపిస్తుంది. నిజానికి అది రెండు గాలులు ఎదురుపడే సరిహద్దు. పడమర పక్కన మధ్య భారతం నుంచి వచ్చే వేడి పొడిగాలి. తూర్పు పక్కన బంగాళాఖాతం నుంచి వచ్చే తేమగాలి. రెండూ తారసపడిన చోట గాలికి పైకి లేవడం తప్ప దారి ఉండదు.

ఈ గీత రోజూ ఒకే చోట ఉండదు. ఇవాళ ఆదిలాబాద్, కరీంనగర్, నల్గొండ మీదుగా ఉంటే, రేపు కాస్త తూర్పుకి జరగవచ్చు. గీతకి తూర్పున ఉన్నవాళ్ళకి ఉక్క, సాయంత్రం ఉరుములు. పడమరన ఉన్నవాళ్ళకి పొడి ఎండ. గీత తీరం దాకా జరిగిపోతే కోస్తా మొత్తం పడమటి గాలి చేతిలో పడుతుంది. వడగాలుల వారం అలాగే మొదలవుతుంది.

ఇప్పుడు కొండ దగ్గరికి వద్దాం. తేమగాలి ఉన్న రోజున పొద్దున్న పదికల్లా తూర్పు కనుమల తూర్పు వాలు ఎండకి వేడెక్కుతుంది. వాలు పక్కన ఉన్న గాలి, అదే ఎత్తులో మైదానం మీద ఉన్న గాలి కంటే వేడిగా ఉంటుంది కాబట్టి వాలు వెంట పైకి పాకుతుంది. కింద నుంచి సముద్రపు తేమ దాని వెనక నడుస్తుంది. పన్నెండుకి శిఖరాల మీద చిన్న మబ్బులు. రెండుకి అవి క్యుములోనింబస్ మేఘాలు, అంటే ఉరుముల మబ్బులు, పన్నెండు పదిహేను కిలోమీటర్ల దాకా నిలబడ్డ బురుజులు. మూడుకి పాడేరులో, చింతపల్లిలో, అనంతగిరిలో వాన. అప్పటికి కింద నర్సీపట్నంలో, చోడవరంలో ఎండ కాస్తూనే ఉంటుంది.

జూన్ రాకముందు మన మీద పైగాలులు పడమర నుంచి తూర్పుకి వీస్తాయి. కొండ మీద పుట్టిన మబ్బుని అవి మెల్లగా మైదానం మీదికి, ఆ పైన సముద్రం వైపు నెడతాయి. మూడున్నరకి కొండ కింద ఊళ్ళు, సాయంత్రం అయ్యేసరికి అనకాపల్లి, చీకటి పడ్డాక విశాఖ. మా పెద్దమ్మకి ఈ టైంటేబుల్ బడిలో ఎవరూ చెప్పలేదు. ఒడిశా, ఛత్తీస్‌గఢ్ కొండల్లో పుట్టినవి కూడా ఇదే దారిన శ్రీకాకుళం, విజయనగరం మీదికి వస్తాయి.

మరి కొండ మీద వాన పడి, కింద గాలే ఎందుకు ఎక్కువ? దీనికి నాకు తెలిసిన చక్కటి జవాబు మబ్బు అడుగు ఎత్తు. గాలిలో తేమ ఎంత తక్కువైతే మబ్బు అంత పైన మొదలవుతుంది. 40 డిగ్రీల మైదానం మీద మబ్బు అడుగు రెండు కిలోమీటర్లకి పైన ఉండొచ్చు. కొండ మీద నిలబడ్డవాడికి అది చాలా దగ్గర, ఒక్కోసారి ఘాట్ రోడ్డు మలుపులో మబ్బు మనల్నే తాకుతుంది. మైదానం మీద చినుకు ఆ రెండు కిలోమీటర్ల వేడి పొడిగాలిలోంచి పడాలి. దారిలో సగం ఆవిరైపోతుంది. ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న గాలిలోని వేడిని పీల్చేస్తుంది. చల్లబడి బరువెక్కిన గాలి ఒక్కసారిగా కిందపడి, నేలకి కొట్టుకుని నాలుగు వైపులా పరుగెడుతుంది. అదే ఈదురు గాలి. అందుకే వానకి ముందు దుమ్ము, కళ్ళలో ఇసక, ఎగిరే రేకులు. నూజివీడు తోటల్లో బంగినపల్లి రాలేది వానకి కాదు, ఆ దూకే గాలికి.

అదే జల్లు కొండ మీద వరం. పాడేరు, అరకు కాఫీ ఎక్కువగా అరబికా. మొగ్గలు కట్టుకుని ఎండలో నిద్రపోతూ ఉంటాయి. మార్చి, ఏప్రిల్లో ఒక మంచి వాన, 25 నుంచి 40 మిల్లీమీటర్లు, పడితే తొమ్మిది పది రోజులకి తోటంతా ఒకేసారి తెల్లగా పూస్తుంది. మల్లెతోటలా వాసన. సిల్వర్ ఓక్ చెట్ల కింద ఆ రెండు మూడు రోజులు చూడాల్సిందే. వాన అయిదారు మిల్లీమీటర్లు పడి ఆగిపోతే మాత్రం మొగ్గ సగం విచ్చి మాడిపోతుంది. తర్వాత కొన్ని వారాలకి పిందె నిలవడానికి ఇంకో తడి కావాలి. ఒకే మబ్బు, మధ్యాహ్నం మూడింటికి గిరిజన రైతుకి పంట ఇచ్చి, నాలుగింటికి కింద మామిడి రైతుది లాక్కుపోతుంది. వార్తల్లో మాత్రం రెండూ 'అకాల వర్షం' అనే ఒక్క మాట కిందే పడతాయి. కొండలో ఏప్రిల్ జల్లు అకాలం ఎలా అవుతుంది? అది దాని కాలమే.

వడగళ్ళ సంగతి రెండు ముక్కల్లో. మార్చిలో, ఏప్రిల్ మొదట్లో నేల వేడెక్కుతుంది కానీ పైన ఇంకా చలికాలపు చల్లదనం మిగిలి ఉంటుంది. ఈ తేడా ఎంత ఎక్కువైతే గాలి అంత జోరుగా పైకి లేస్తుంది, మంచుగడ్డలు అంతసేపు పైన తిరిగి లావెక్కుతాయి. తెలంగాణ పీఠభూమి కొంచెం ఎత్తున ఉండటంతో అవి కరిగేందుకు దూరమూ తక్కువే. 2023 మార్చిలో వికారాబాద్ జిల్లాలో పొలాలు కశ్మీర్‌లా తెల్లబడిన ఫోటోలు గుర్తుండే ఉంటాయి.

పిడుగు మాత్రం తేలిగ్గా దాటే విషయం కాదు. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో పదమూడు గంటల్లో 36 వేలకు పైగా పిడుగులు నమోదయ్యాయి. పొలంలో పనిచేసేవాళ్ళు, గొర్రెలు కాసేవాళ్ళు, తాటిచెట్టు కింద నిలబడ్డవాళ్ళు ఎక్కువగా పోతారు. మెరుపు చూశాక ఒకటి, రెండు అని లెక్కపెట్టండి. మూడు సెకన్లకి ఒక కిలోమీటరు. ముప్ఫై లోపు ఉరుము వినపడితే మబ్బు పది కిలోమీటర్ల లోపే ఉంది, తర్వాతి పిడుగు మీ చేలోనే పడవచ్చు. పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం తయారుచేసిన, పిడుగుల గురించి హెచ్చరించే దామిని యాప్ ఉంది, ఫోన్లకు సర్కారు మెసేజ్‌లూ వస్తున్నాయి. కొండ వాలులో సిగ్నల్ ఉంటే కదా అంటారా, అదీ నిజమే.

బులెటిన్ భాష

వాతావరణ శాఖ వాడే మాటలు వదులుగా కనపడతాయి కానీ ప్రతిదానికీ లెక్క ఉంది. 'ఒకటి రెండు చోట్ల' అంటే ఆ ప్రాంతంలోని వాన కొలిచే కేంద్రాల్లో నాలుగో వంతు లోపు. 'కొన్ని చోట్ల' అంటే సగం దాకా. 'చాలా చోట్ల' అంటే మూడు వంతుల దాకా. 'దాదాపు అన్ని చోట్ల' అంటే ఆపైన. తేలికపాటి వర్షం అంటే 15 మిల్లీమీటర్ల వరకు, మోస్తరు అంటే 64 వరకు, భారీ అంటే 64.5 దాటితే. యాసంగి వడ్లు కొనుగోలు కేంద్రంలో కుప్ప పోసుకుని కూర్చున్న రైతుకి 'ఒకటి రెండు చోట్ల' అన్న మాట టెన్షనే, ఎందుకంటే ఆ ఒక్క చోటు తనదే కావచ్చు. టార్పాలిన్ పట్టా అద్దె ఖర్చు ఎంత, తడిస్తే పోయేది ఎంత, ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే నాలుగో వంతు అవకాశమే చాలు పట్టా తెచ్చుకోవడానికి.

వడగాలి అన్న మాటకీ కొలత ఉంది, అదీ కొండకొకటి, మైదానానికొకటి. మైదానంలో కనీసం 40 డిగ్రీలు, తీరంలో 37, కొండ ప్రాంతంలో 30 దాటాలి. దాటితే చాలదు, ఆ రోజుకి ఆ ఊరి సాధారణం కంటే నాలుగున్నర డిగ్రీలు ఎక్కువ ఉండాలి. 6.4 కూడా మించితే తీవ్ర వడగాలి. లేదా సాధారణంతో పని లేకుండా మైదానంలో 45 తాకితే వడగాలి, 47 తాకితే తీవ్రం. ఇందులోంచి ఒక తిరకాసు పుడుతుంది. రామగుండంలో మే నెలాఖరున సాధారణమే 42 దగ్గర. 44 వచ్చినా లెక్క ప్రకారం వడగాలి కాదు. విశాఖలో సాధారణం 34 అనుకుంటే 38.5 వడగాలి కిందకి వస్తుంది. సింగరేణి ఓపెన్ కాస్ట్‌లో పనిచేసేవాడు ఇది వింటే నవ్వుతాడు. ఆ నవ్వులో న్యాయం ఉంది కానీ, కొలతలోనూ న్యాయం ఉంది. ఒళ్ళు అలవాటు పడ్డ ఎండ వేరు, అలవాటు లేని ఎండ వేరు. ఫ్యాన్ అవసరమే లేని కొండ ఇంట్లో 36 డిగ్రీలంటే చిన్న సంగతి కాదు.

ఇంకో మాట. ఈ డిగ్రీలన్నీ నీడలో, మనిషి ఛాతీ ఎత్తున, గాలి ఆడే తెల్లటి చెక్కపెట్టెలో కొలిచినవి. ఎండలో ఆపిన కారు చూపించే 48, నడిరోడ్డు మీద మైకు పట్టుకుని చూపించే 50, వీటికీ వాటికీ పోలిక లేదు.

సీజన్ అంచనా మ్యాపు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే దాన్ని చదవడంలో ప్రతి ఏటా అదే పొరపాటు జరుగుతోంది. ఫిబ్రవరి నెలాఖరున మార్చి-మే అంచనా, మార్చి నెలాఖరున ఏప్రిల్-జూన్ అంచనా వస్తాయి. మ్యాపులో ముదురు ఎరుపు చూడగానే 'ఇక్కడ నిప్పులే' అని హెడ్డింగులు పెడతారు. ఆ ముదురు రంగు వేడిని చెప్పదు. సాధారణం కంటే ఎక్కువ ఉండే అవకాశం ఎంతో చెబుతుంది. ఎక్కువ, సాధారణం, తక్కువ అని మూడు గదులు. ఏమీ తెలియకపోతే ఒక్కోదానికి 33 శాతం. ముదురు ఎరుపు అంటే మొదటి గది వైపు మొగ్గు గట్టిగా ఉందని. పెరిగేది అర డిగ్రీయా రెండు డిగ్రీలా అన్నది ఆ రంగులో లేదు. అరకు మీద ముదురు ఎరుపు, రెంటచింతల మీద లేత ఎరుపు ఉన్నంత మాత్రాన అరకు ఎక్కువ వేడెక్కుతుందని కాదు. 'సాధారణం' అంటే 1991 నుంచి 2020 దాకా ముప్ఫై ఏళ్ల సగటు. మన తాతల కాలపు సాధారణం కంటే ఇదే కొంచెం వేడిది.

ఈ మొగ్గు ఎక్కడి నుంచి వస్తుందంటే, ఎక్కువగా పసిఫిక్ సముద్రం నుంచి. 2002, 2009, 2015, 2023లో ఎల్‌నినో ఉంది, అంటే ఆ సముద్రం నడిమి నీళ్ళు మామూలు కంటే వేడెక్కాయి. ఆ తర్వాతి వేసవులు 2003, 2010, 2016, 2024 ఎంత మండాయో అందరికీ తెలుసు. కానీ మూడు నెలల సగటు మనిషిని చంపదు, ఒక వారం చంపుతుంది. 2015 చూడండి. మార్చి, ఏప్రిల్లో దేశంలో చాలా చోట్ల అకాల వర్షాలు, చల్లగానే గడిచింది. మే మూడో వారం దాటాక పడమటి గాలి బిగిసింది. దేశంలో రెండు వేల మందికి పైగా చనిపోయారు, అందులో ఎక్కువ మంది రెండు తెలుగు రాష్ట్రాల వాళ్ళే. అలాంటి వారాన్ని ఫిబ్రవరిలో ఎవరూ చెప్పలేరు. అయిదు రోజుల ముందు గాలి లైను చెబుతుంది.

ఉత్తరాన హిమాలయాల్లో కూడా ఇదే ఎత్తు లెక్క, పెద్ద స్థాయిలో. మే నెలలో చార్‌ధామ్‌కి మన వాళ్ళు బస్సులకి బస్సులు పోతారు. రిషికేశ్‌లో 38 చూసి కాటన్ బట్టలతో బయలుదేరినవాళ్ళు కేదార్‌నాథ్‌లో, 3,583 మీటర్ల దగ్గర, ఇరవై డిగ్రీలు తక్కువలో దిగుతారు. అదీ ఎండ ఉంటే. మధ్యధరా వైపు నుంచి వచ్చే పశ్చిమ అలజడి తగిలితే మే నెలలోనే మంచు. ఆ అలజడులకీ మనకీ సంబంధం లేదనుకోవద్దు. అవి వరసగా వచ్చిన ఏడాది రాజస్థాన్, మధ్యప్రదేశ్ అంతగా కాలవు. మనకి వాయవ్యం నుంచి దిగేది అక్కడి గాలే కాబట్టి తెలంగాణకీ కొంత ఊరట.

కార్తెలు నమ్మేవాళ్ళని నేను వెక్కిరించను. రోహిణిలో రోళ్ళు పగులుతాయన్న మాటలో వందల ఏళ్ల సగటు ఉంది. మే 25 నుంచి జూన్ 7 దాకా సూర్యుడు నడినెత్తిన, నైరుతి ఇంకా రాలేదు, నేల ఎండిపోయి ఉంది. వేడెక్కడానికి అన్నీ సిద్ధం. కానీ సగటు సగటే. 2025లో నైరుతి మే 24నే కేరళ చేరింది. రోహిణి మొదలయ్యేలోపే మబ్బులు వచ్చేశాయి, రోళ్ళకి ఆ పని పడలేదు.

నైరుతి దగ్గరపడిందని బులెటిన్ కంటే ముందు కొండ కింద ఊళ్ళకి తెలుస్తుంది. కొండ మీద మధ్యాహ్నం మబ్బు లేచి తూర్పుకి దిగడం తగ్గిపోతుంది. పైగాలి తూర్పు నుంచి వీయడం మొదలవుతుంది. మా పెద్దమ్మ తాండ్ర పని అప్పటికి అయిపోతుంది, ఆవకాయ జాడీలకి వాసెన కట్టేస్తుంది. పోయిన జూన్లో ఫోన్ చేసి అక్కడ ఎలా ఉందని అడిగితే, "మబ్బు పట్టింది" అంది. ఎటు నుంచి అన్నాను. "సంద్రం మీద నుంచే" అంది.